ఎనిమిది మూరల పలుపుతాడు

2024 జనవరి 16వ తేదీ, మంగళవారం, కనుమ. కోనసీమలో ఆత్రేయపురం మండలంలోని మా పెదనాన్నగారి ఊరి నుంచి లొల్ల లాకుల దాకా, కాలువ గట్టు వెంట, మా ఇంటి కుక్కలు రెండింటినీ తీసుకుని నడిచి వెళ్లాము. దూరం మూడు కిలోమీటర్లు, పట్టిన సమయం రెండున్నర గంటలు. ఆ ఉదయం నుంచి నేను గట్టిగా నమ్ముతున్న మాట ఒకటుంది. పట్నంలో, ఫ్లాటులో కుక్కను పెంచుకునే వాళ్లం దాని రోజంతటినీ మన చేతుల్లోకి తీసుకున్నాము కనుక, రోజులో ఆ ఒక్క నడక సమయాన్నైనా పూర్తిగా దానికి విడిచిపెట్టాలి. ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో అదే తేల్చుకోవాలి, మనం తాడు పట్టుకుని వెంట ఉండాలి.

బ్రూనో లాబ్రడార్. అప్పటికి వాడికి తొమ్మిదేళ్లు, వెనుక కాళ్ల కీళ్లు అప్పుడప్పుడే బిగుసుకుపోతున్నాయి. చుక్కి నాటు కుక్క. 2020 లాక్‌డౌన్‌లో హోటళ్లూ టీకొట్లూ మూతబడి వీధి కుక్కలకు ఎంగిలి మెతుకులు కూడా దొరకని రోజుల్లో, మా అపార్ట్‌మెంటు సెల్లారులో కారు కింద దూరి పడుకున్న చిన్న పిల్ల అది. నుదుటి మీద తెల్లని మచ్చ ఉండడంతో మా అమ్మాయి దానికి ఆ పేరు పెట్టింది.

మియాపూర్‌లో మా ఇల్లు నాలుగో అంతస్తు. తొమ్మిదేళ్ల పాటు నేను కుక్కను నడిపించిన పద్ధతి దాదాపు ఒక్కటే. ఉదయం ఆరుంబావుకు లిఫ్టులో దిగడం, నాలుగడుగుల బెల్టును చేతికి రెండు చుట్లు చుట్టుకోవడం, కాంపౌండు గోడ చుట్టూ నాలుగు రౌండ్లు, ఆ తరువాత గేటు బయట ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్లి వెనక్కి తిరగడం. చేతి గడియారం నా అడుగులు లెక్కపెట్టేది. బ్రూనో ఏ స్తంభం దగ్గరో, ఏ చెట్టు మొదట్లోనో ముక్కు ఆనించగానే నా నోటి నుంచి వచ్చే మొదటి మాట "పద, పద". ఇద్దరమూ ఉద్యోగాలతో ఊపిరాడని కొన్ని నెలలు కుక్కలను నడిపించే మనిషిని కూడా పెట్టుకున్నాము. అతను ఐదు కుక్కలను ఒకేసారి పట్టుకుని వేగంగా ఒక చుట్టు తిప్పి తెచ్చేవాడు. అతనిలో నాకు తప్పు కనబడదు, ఉదయం పూట అతను తిరగవలసిన ఇళ్లు చాలా ఉన్నాయి. సొంత కుక్కను సొంత చేత్తో పట్టుకుని నేను చేసిన పని కూడా అదే కావడం గురించే నా బాధ.

ఆ ఏడు పండుగకు కుక్కలను ఎక్కడా వదిలిపెట్టకుండా కారులో వెంటబెట్టుకుని విజయవాడ, రావులపాలెం మీదుగా ఊరు చేరాము. భోగి నాటి టపాకాయలకు బెదిరి చుక్కి పట్టెమంచం కింద నుంచి బయటకు రాలేదు. కనుమ తెల్లవారుజామున ఊరంతా మంచు పట్టి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, దాన్ని బయట తిప్పడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదనుకుని బెల్టులు తీశాను. అరుగు మీద కూర్చున్న పెదనాన్నగారు చూసి, "కనుమ నాడు కాకైనా కదలదంటారు. నువ్వు కుక్కల్ని కదిలిస్తానంటావేంటమ్మా?" అన్నారు.

"ప్రయాణం కాదు పెదనాన్నా, గట్టు మీద కాసేపు నడిపించుకొస్తాను."

"నడిపించడమేంటి? అది నడవదా?"

ఆయన ఎత్తిపొడుపుగా అడగలేదు. డెబ్బై ఎనిమిదేళ్లుగా ఇంటి ముందు కుక్క లేని రోజు ఎరుగని మనిషి ఆయన. కుక్కను ఎవరో నడిపించవలసి రావడం ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేను ఆయన కుక్క వైపు చూశాను.

దాని పేరు టైగర్. నల్లగా, సన్నగా, ఒక చెవి చిరిగి ఉంటుంది. కోడి కూసే వేళకు లేచి ముందు దొడ్డి చుట్టూ తిరుగుతుంది. గేదెల దగ్గర కాసేపు, పాల కేంద్రం దగ్గర కాసేపు, రామాలయం వెనుక కాసేపు గడిపి, ఎండెక్కే సరికి గడ్డిమేటు నీడకు చేరుతుంది. మధ్యాహ్నం పెద్దమ్మ పెట్టే అన్నం తిని నిద్రపోతుంది. సాయంత్రం కాలువ రేవు దాకా వెళ్లి, ఎవరు వచ్చారో ఎవరు వెళ్లారో వాసన చూసుకుని, చీకటి పడేసరికి వీధి గుమ్మం దగ్గరకు వచ్చి పడుకుంటుంది. ఈ తిరుగుడంతటిలో ఎవరూ దాన్ని "రా" అనరు, "పద" అనరు. అది గోతిలో పడవచ్చు, వాహనం కింద పడవచ్చు, దానికి జబ్బు చేస్తే ఆలస్యంగా తెలియవచ్చు. ఆ జీవితాన్ని నేను స్వర్గమని చెప్పబోవడం లేదు. బ్రూనోకు ఏటేటా టీకాలున్నాయి, వేళకు తిండి ఉంది, వేసవిలో చల్లటి గచ్చు ఉంది. టైగర్‌కు తన రోజు తనకుంది. బ్రూనో ఇంట్లోంచి బయటకు రావాలన్నా, ఒంటికి పోవాలన్నా, తోటి కుక్కను పలకరించాలన్నా నా తీరిక కోసం కాచుకోవాలి. భద్రత ఇచ్చి ఆ రోజును మేము తీసుకున్నాము. అందుకే "అది నడవదా?" అనే ప్రశ్నకు నిజాయితీగా చెప్పగల జవాబు ఒక్కటే: నడిచేది, మేమే ఆపాము.

పెదనాన్నగారు లేచి నాలుగడుగుల బెల్టును చేతిలోకి తీసుకుని చూశారు. "ఇంత పొట్టి తాడుతో గేదెను కూడా కట్టం," అన్నారు. పశువులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, కొత్త పలుపులు కట్టే రోజు కావడంతో వసారాలో కొత్త తాళ్ల కట్ట సిద్ధంగా ఉంది. అందులోంచి నాలుగు తీసి, రెండేసి కలిపి ముడివేసి, మూరలు వేసి చూపించారు. ఒక్కొక్కటీ ఎనిమిది మూరలు, అంటే పన్నెండడుగులు. మెడకు కడితే ఉరి బిగుసుకుంటుందని, ఛాతీ పట్టీకి వెనుక ఉన్న కడియానికి కట్టమని ఆయనే చెప్పారు. ఆ తరువాత చేతికర్ర తీసుకుని, కనుమ నాడు కదలకూడదన్న మాటను అరుగు మీదే వదిలేసి మాతో బయలుదేరారు. చుక్కి తాడు మా అమ్మాయి పట్టుకుంది. టైగర్ తనంతట తాను వెంట వచ్చింది.

మొదటి రెండు వందల గజాలకు ఇరవై నిమిషాలు పట్టింది. భోగిమంట బూడిద దగ్గర బ్రూనో ఆగాడు. ముగ్గు మీద ఎండిన గొబ్బెమ్మ దగ్గర ఆగాడు. కొబ్బరి పీచు కుప్ప దగ్గర ఆగి, చుట్టూ తిరిగి, మళ్లీ మొదటికి వచ్చాడు. అలవాటుగా నా చేయి తాడును లాగింది, అలవాటుగా నోరు "పద" అంది. పెదనాన్నగారు నా చేతి మీద చేయి వేసి, "ఆగనీ అమ్మా. మేసే గొడ్డును పలుపు పట్టి లాగుతామా?" అన్నారు.

కుక్కల గురించి నేను చాలా చదివాను, కానీ ఈ ఒక్క వాక్యం చెప్పినంత సూటిగా నాకు ఏదీ చెప్పలేదు. వాసన కుక్కకు మేత. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు సుమారు 50, 60 లక్షలుంటే, కుక్క ముక్కులో అవి 20 కోట్లకు పైగా ఉంటాయంటారు. అది ఊపిరి వదిలేటప్పుడు గాలి ముక్కుపుటాల పక్కనున్న చీలికల గుండా బయటకు పోతుంది కనుక, ముందున్న వాసన చెదరకుండా మళ్లీ మళ్లీ లోపలికి వస్తూనే ఉంటుంది. అంగిటి పైభాగంలో దానికి మరొక అవయవం ఉంది, తోటి జంతువుల మూత్రంలోనూ ఒంటి మీదా ఉండే రసాయన సంకేతాలను అందుకోవడానికే అది పనిచేస్తుంది. తడి గాలిలో, తడి నేల మీద వాసన బాగా నిలుస్తుంది. కనుమ నాటి మంచులో, వరిగడ్డీ పేడా బురదా చేపలూ కలిసిన కాలువ గట్టు మీద, మియాపూర్ సిమెంటు నేల తప్ప ఎరుగని ఆ ముక్కుకు ఎదురైనది ఎంత విస్తారమైన లోకమో నేను ఊహించగలను గాని అనుభవించలేను. ఇన్నేళ్లూ నేను చేసినది, ఆకలిగా ఉన్న ప్రాణిని పచ్చిక మీదికి తోలుకుపోయి, ప్రతి గుక్కకూ తల పైకి గుంజడం.

కుడివైపు దాళ్వా నాట్లకు దమ్ము చేసిన చేలు, ఎడమవైపు కాలువ. కిలోమీటరు దాటాక ఒక తూము దగ్గర టైగర్ ఆగిపోయింది. అప్పటిదాకా మాకు ముందు దారి చూపిన కుక్క అక్కడ కూర్చుని, ఎంత పిలిచినా కదలలేదు. అది దాని పొలిమేర. అవతల చింతచెట్టు కింద వేరే ఊరి కుక్కలు మూడు లేచి నిలబడ్డాయి. నా గుండె జారింది, తాడును చుట్టబెట్టి బ్రూనోను ఒంటికి దగ్గరగా లాక్కోబోయాను. పెదనాన్నగారు వద్దని సైగ చేసి గట్టు దిగారు. మేమూ దిగి, చేని అంచున పెద్ద వంపు తిరిగి, తాళ్లు వదులుగానే ఉంచి, ఆ కుక్కలకు పక్క చూపిస్తూ దాటాము. అవి పది అడుగులు వెంట వచ్చి, మేము నడిచిన చోటును వాసన చూసుకుని వెనక్కి వెళ్లిపోయాయి. తాడు బిగించి లాగినప్పుడు కుక్క తల ఎత్తి, ఛాతీ ముందుకు పెట్టి నిలబడుతుంది, ఎదుటి కుక్కకు అది కయ్యానికి కాలు దువ్వినట్టుగానే కనిపిస్తుంది. పట్నంలో మా బ్రూనోకు పొగరని పేరు తెచ్చినది వాడి స్వభావం కంటే నా చేతి బిగువే ఎక్కువేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ మలుపు తరువాతే మరొకటి జరిగింది, నా వాదనలో రెండో సగం దాని నుంచే వచ్చింది. ఎదురుగా ఒక పెద్దావిడ నెత్తిన పచ్చగడ్డి మోపుతో వస్తూ, కుక్కలను చూసి అక్కడే బిగుసుకుపోయారు. వెనక్కి తిరగలేరు, మోపు దించలేరు. మేము తాళ్లను మూరెడు మిగిలేలా చుట్టుకుని, గట్టు అంచుకు జరిగి, కుక్కలను కూర్చోబెట్టాము. ఆవిడ మమ్మల్ని దాటాక ఆగి, "మా మనవణ్ణి పోయినేడు కరిసిందండి. సూదులన్నీ ఏయించాం. అప్పట్నించి నాకు కాళ్లు వణుకుతాయండి," అన్నారు. ఆ తరం వాళ్లకు కుక్క కాటంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు గుర్తొస్తాయి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యమనీ వాళ్లకు తెలుసు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడు వీధి కుక్కల దాడిలో చనిపోయాడు. ఆ దృశ్యం చూసిన తల్లులకు "మా కుక్క ఏమీ చేయదండి" అని చెప్పడం నా దృష్టిలో అమర్యాద.

కనుక కుక్కకు నడకను విడిచిపెట్టడమంటే తాడు విప్పి వదిలేయడమని నేను అనడం లేదు. ఖాళీ చోట పన్నెండడుగులూ ఇవ్వాలి. మనిషి ఎదురైతే మూరెడుకు తేవాలి. ఆ పెద్దావిడ నడిచే దారి కూడా బ్రూనో నడిచే దారి అంతే విలువైనది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధి కుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించాలని సుప్రీంకోర్టు ఆదేశించి, అదే నెల 22న, రేబిస్ ఉన్నవాటినీ దూకుడుగా ప్రవర్తించేవాటినీ మినహాయించి మిగతావాటికి సంతాన నియంత్రణ చేసి, టీకాలు వేసి, పట్టిన చోటే వదలాలని సవరించినప్పుడు, మా కాలనీలో రెండు జట్లు ఏర్పడి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. ఆ తగవును తీర్చే శక్తి నాకు లేదు. కానీ భయపడే మనిషి కోసం గట్టు అంచుకు జరిగి తన కుక్కను కూర్చోబెట్టే మనిషి వీధికొకరు ఉంటే, ఆ రెండు జట్ల మధ్య మాట అయినా మిగులుతుంది. కుక్క విడిచిన దాన్ని సంచిలోకి ఎత్తి తీసుకుపోవడం కూడా ఈ లెక్కలోదే.

లాకులకు అరకిలోమీటరు ముందు నా వల్ల ఒక ప్రమాదం జరిగింది. అక్కడ మెట్లున్న రేవులో ఒక కుర్రవాడు ఎడ్లను కడుగుతున్నాడు. నేను మంచులోంచి పైకి వస్తున్న సూర్యుణ్ణి చూస్తూ, తాడును ఒట్టినే వేళ్లకు తగిలించుకుని నిలబడ్డాను. లాబ్రడార్‌కు నీళ్లు కనబడితే కీళ్ల నొప్పులు గుర్తుండవు. బ్రూనో దూకేశాడు. మెట్ల దగ్గర లోతు లేదు గాని, రెండు బారలు దాటితే కాలువకు ఒరవడి ఉంది, గట్టుకు రాతి కట్టుబడి నిటారుగా ఉంది, కుక్క గోళ్లకు పట్టు దొరికే చోటు లేదు. చివరి మూర నా చేతిలోంచి జారబోతుండగా గట్టిగా పట్టుకుని వెనక్కి లాగాను. వాడి తల నీళ్లలోకి మునిగింది. "లాగకు! వాలుకు పోనిచ్చి ఒడ్డుకు తిప్పు!" అని పెదనాన్నగారు కేక వేశారు. నేను తాడు బిగువును కొంచెం సడలించి, ప్రవాహంతో పాటు గట్టు మీద నాలుగడుగులు నడిచాను. వాడు అర్ధచంద్రాకారంగా ఒడ్డు వైపు తిరిగాడు. ఎడ్లను వదిలి ఈదుకుంటూ వచ్చిన ఆ కుర్రవాడు వాడి ఛాతీ కింద చేయి వేసి, మెట్ల దాకా నెట్టుకొచ్చాడు. అతనికి చేతులు జోడించి దండం పెట్టాను. "పండగ పూట ఎడ్లతో పాటు ఇదీ తానం చేసిందిలెండి," అని అతను మళ్లీ నీళ్లలోకి దిగాడు.

పొట్టి బెల్టు ఉంటే ఇది జరిగేది కాదని ఎవరైనా అనవచ్చు, ఆ మాట నిజమే. నేను నేర్చుకున్నది మరొకటి. పొట్టి బెల్టు చేతిలో ఉన్నప్పుడు నేను ఫోను చూసుకుంటూ కూడా నడవగలిగాను, బెల్టే నా బదులు కుక్కను కాసేది. పొడుగు తాడు పట్టుకున్న మనిషి కళ్లు కుక్క మీదే ఉండాలి, వాడి చెవులు ఎటు తిరుగుతున్నాయో, తోక ఎక్కడ ఆగిందో ముందే చూడాలి. దానికి ఇచ్చే స్వేచ్ఛకు మనం చెల్లించే వెల మన ధ్యాస. ఆ ధ్యాస పెట్టలేని రోజున పొట్టి బెల్టే మేలు.

లాకుల దగ్గర చెట్టు కింద కూర్చుని, తడిసిన బ్రూనోను నా శాలువాతో తుడిచాము. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టను 1852లో పూర్తి చేయించాక ఈ సీమకు వచ్చిన నీళ్లు అక్కడ తలుపుల మీదుగా దూకి, పాయలుగా చీలి కోనసీమ లోపలికి పోతాయి. ఆ హోరుకు చుక్కి బెదరకపోవడం మాకందరికీ ఆశ్చర్యం. భోగి నాడు మంచం కింద వణికిన కుక్క, దారంతా తన ఇష్టానికి ఆగుతూ, వెనక్కి పోతూ, మళ్లీ ధైర్యం తెచ్చుకుంటూ వచ్చింది కనుక కాబోలు, నీటి తుంపరలు పడే చోటికి తనంతట తానే వెళ్లి ముక్కు చాపి నిలబడింది.

పెదనాన్నగారు రోజూ భారతం చదువుతారు. ఇక్కడికి దగ్గరలోనే, రాజమహేంద్రవరంలో, నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ వస్తుంది. యాగం జరిగే చోటికి వచ్చిన కుక్కపిల్లను జనమేజయుని తమ్ముళ్లు ఏ కారణమూ లేకుండా కొడితే, దాని తల్లి వచ్చి నిలదీస్తుంది. చివర్లో మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట ఒక కుక్క నడుస్తుంది. "ఆ కుక్కని ఆయన తాడేసి తీసుకెళ్లలేదు. అది వచ్చింది, ఆయన రానిచ్చాడు. దాన్ని వదిలి రమ్మంటే స్వర్గమే వద్దన్నాడు," అన్నారాయన. ఆ తరువాత కొంచెంసేపు ఊరుకుని, "నువ్వు పొద్దున్న చెప్పిన నడిపించడం ఇప్పుడు కొంచెం అర్థమైందిలే," అన్నారు.

తిరుగు దారిలో టైగర్ తూము దగ్గరే, మేము వదిలిన చోటే ఉంది.

హైదరాబాద్‌లో కాలువ గట్లు లేవు, ఆ మాట నిజం. 2018లో కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ కుక్కల కోసం ప్రత్యేకంగా ఒక పార్కు తెరిచింది గాని, ఇంత నగరానికి అలాంటివి ఎన్ని ఉన్నా చాలవు. లిఫ్టులో కుక్కలను ఎక్కించవద్దని మా అసోసియేషన్ ఒక తీర్మానం చేసినప్పుడు, అలా నిషేధించే అధికారం సంఘాలకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలను చూపించి, దానికి బదులుగా రద్దీ వేళల్లో మేము మెట్లు వాడతామని నేనే ఒప్పుకుని వచ్చాను. బ్రూనో కీళ్లకు ఆ ఒప్పందం భారమైతే వాడిని ఎత్తుకుని దించుతున్నాము. ఇన్ని ఇరుకుల మధ్య కూడా ఎనిమిది మూరలు చాపడానికి చోటు దొరుకుతుంది. మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఇంకా ఇళ్లు కట్టని లేఅవుటు ఒకటుంది. పొద్దు పొడవక ముందు అక్కడ మనుషులు ఉండరు, తారు రోడ్డు ఇంకా వేడెక్కదు. వేసవిలో చేతి వెనుక భాగాన్ని ఆ తారుకు ఐదు సెకన్లు ఆనించి, భరించగలిగితేనే వాటిని దింపుతాను.

ఇప్పుడు గడియారం ఇంట్లో పెట్టి వెళ్తున్నాను. కొన్ని రోజులు నలభై నిమిషాల్లో మూడు వందల గజాలు కూడా దాటము. అయినా ఇంటికి వచ్చాక బ్రూనో తలుపు గీరడం మానేశాడు. చుక్కి మా అందరికన్నా ముందు గుమ్మం దాటుతోంది. ఒక కుక్క ఒక గడ్డిదుబ్బు దగ్గర ఐదు నిమిషాలు నిలబడడాన్ని పక్కన నిలబడి చూడడం మొదట్లో నాకు చాలా కష్టమైంది, నా ప్రతి నిమిషమూ ఎక్కడో లెక్క చూపాలన్నట్టుగా బతికిన దానిని కదా. ఇప్పుడు ఆ ఐదు నిమిషాలూ నేనూ నిలబడతాను.

తాడు ఏడాదికి అరిగిపోతుంది. 2025 కనుమకు పెదనాన్నగారు పశువులతో పాటు వీటికీ పాతవి విప్పి కొత్త పలుపులు కట్టారు. మొన్న ఫోనులో, ఈసారి పీచు మరికాస్త మెత్తగా పేనించానని, బ్రూనో నడక నెమ్మదించింది కనుక వాడి తాడుకు ఒక మూర ఎక్కువ వదిలానని చెప్పారు.